మన పేటలో మరబుద్ధి

వాషర్‌మెన్‌పేట్ అనగానే ఎవరికైనా జ్ఞాపకం వచ్చేది గుడ్డ. కుంఫిణీవారు సీమకు ఎగుమతి చేసే తానులను ఉతికి, చలువ చేసి, ఆరవేసే చాకళ్ళు కాపురమున్న చోటు కనుక ఆ పేరు వచ్చింది. అరవంలో వణ్ణారప్పేట్టై అన్నా అదే అర్థం. చలువ చేసేవారి వెంట నేసేవారు, నేసేవారి వెంట అమ్మేవారు వచ్చి చేరారు. నేటికీ పండుగ ముందు ఎం.సి. రోడ్డులో కాలు పెట్టడానికి చోటుండదు. ఇటువంటి పేటను గురించి మేము ఈ నెల వ్రాయబోయేది గుడ్డ సంగతి కాదు, కంప్యూటరు సంగతి. అయితే ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నది. అది ముందు ముందు తెలుస్తుంది.

మన కుటుంబాలలో ఏ ఇంట విచారించినా ఒక కొడుకో, కూతురో, కోడలో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నట్టు చెబుతారు. తాతలు మగ్గం మీద, తండ్రులు కొట్టు మీద, పిల్లలు కంప్యూటరు మీద. పూర్వం తెల్లవారుతూనే బస్సెక్కి తరమణికో, శిరుశేరికో పోయేవారు. 2019 ఫిబ్రవరిలో మెట్రో రైలు మన పేటదాకా వచ్చింది మొదలు సగం దూరమైనా చల్లగా పోతున్నారు, కూర్చునేందుకు చోటు దొరికితే.

ఈ రెండు మూడేండ్లుగా పెండ్లిండ్లలోనూ పేరంటాలలోనూ పెద్దలు మమ్ములను అడిగే ప్రశ్న ఒకటే. ‘ఏఐ అంటున్నారే, అది వచ్చేస్తే మా పిల్లల ఉద్యోగాలు నిలుస్తాయా?’ 2025 జూలైలో టీసీఎస్ కంపెనీ సుమారు 12,000 మందిని తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు ఈ ప్రశ్న మరింత గట్టిగా వినవచ్చింది. ఇది మరబుద్ధి వల్ల కాదు, కొత్త పనులకు తగిన నేర్పు చాలకపోవడం వల్ల అని కంపెనీవారు చెప్పుకున్నారు. మాట ఏదైనా, ఇంట్లో అన్నం ఉడకడానికి కావలసినది జీతం గదా!

పత్రికలలో జవాబు వెదకడం మాని, మన పిల్లలనే అడుగుదామనుకున్నాము. ఒక ఆదివారం సాయంత్రం, ఎం.సి. రోడ్డుకు దాపున ఒక సందులో, మిద్దెమీద నలుగురు కూడారు. ఒకతను పదేండ్లుగా బ్యాంకులకు ప్రోగ్రాములు వ్రాస్తున్నవాడు. మరొకడు పనిలో చేరి రెండేండ్లయినవాడు. ఒక అమ్మాయి, ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను పరీక్షించి తప్పులు పట్టే ఉద్యోగం. నాలుగవవాడు గత ఏడు ఇంజనీరింగు ముగించి ఇంకా ఉద్యోగం కోసం తిరుగుతున్నవాడు. పేర్లు వేయవద్దన్నారు, వేయము.

‘ముందు ఈ మరబుద్ధి ఏం చేస్తుందో మాకు అర్థమయ్యేలాగు చెప్పు నైనా’ అన్నాము పెద్దతనితో.

‘మామా, మన అవ్వ ముందు కూర్చుని "ఇంట గెలిచి" అని ఆపండి. వెంటనే "రచ్చ గెలవమన్నారు" అంటుంది. వేయిసార్లు విన్న మాట గనుక తరువాతి ముక్క నోటికి వచ్చేస్తుంది. ఇదీ అంతే. కోట్లకొలది పేజీలు చదివింది. ఒక ముక్క చూపితే, తరువాతి ముక్క ఏది రావడానికి ఎక్కువ అవకాశమో లెక్కగట్టి అది వ్రాస్తుంది. దాని తరువాతిది, మళ్ళీ దాని తరువాతిది. మనుష్యులు వ్రాసిన ప్రోగ్రాములు కూడా కుప్పలుగా చదివింది కనుక ప్రోగ్రాములూ వ్రాస్తుంది.’

చాట్‌జీపీటీ అనేది 2022 నవంబరు 30న జనం ముందుకు వచ్చింది. అక్కడినుంచి వేగం చూడండి. మైక్రోసాఫ్ట్ అధిపతి, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళగారు, 2025 ఏప్రిల్‌లో ఒక సభలో, తమ కంపెనీ ప్రోగ్రాములలో నూటికి ఇరవై ముప్ఫై పాళ్ళు ఇప్పుడు యంత్రమే వ్రాస్తున్నదన్నారు.

ఇక్కడినుంచి పిల్లల మధ్య వాదం మొదలైంది. మేము చాలావరకు విన్నాము.

పెద్దతను అన్నాడు: ‘నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక తప్పు పట్టడానికి రాత్రంతా కూర్చునేవాణ్ణి. తెల్లవారేసరికి ఆ తప్పు దొరికేది. దానితోపాటు నేను వెదకని పది సంగతులు కూడా తెలిసేవి. ఇప్పుడు వీడు అరనిమిషంలో జవాబు తెచ్చుకుంటాడు. ఆ పది సంగతులు వీడికి ఎప్పటికీ దొరకవు.’

రెండేండ్లవాడికి రోషం వచ్చింది. ‘అన్నా, నీకు మీ నాన్న పుస్తకాలు కొనిచ్చాడు, క్లాసులకు పంపాడు. మా ఇంట్లో అడగడానికి ఎవరున్నారు? రాత్రి పన్నెండింటికి నా మొద్దు ప్రశ్నకు విసుక్కోకుండా, నలుగురిలో నవ్వకుండా, పదిసార్లు చెప్పే గురువు నాకు ఇదొక్కటే.’

ఇద్దరి మాటలోనూ నిజమున్నది. మిద్దెమీద కాసేపు ఎవరూ పలకలేదు. అప్పుడు ఆ అమ్మాయి అన్నది: ‘అది ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా ఒకే గొంతుతో చెబుతుంది మామా. తెలియనివాడు తడబడితే మనం కనిపెడతాము. ఇది తడబడదు. అందుచేత నా పని పెరిగిందేగాని తగ్గలేదు.’

ఆమె మాటకు సాక్ష్యం ఉన్నది. అమెరికాలో మెటర్ అనే పరిశోధన సంస్థవారు 2025లో ఒక పరీక్ష చేశారు. చేయి తిరిగిన 16 మంది ప్రోగ్రాము రచయితలకు, వారికి బాగా అలవాటైన ప్రోగ్రాములలోనే 246 పనులు ఇచ్చి, కొన్నింటిలో మరబుద్ధి సాయం తీసుకోనిచ్చి, కొన్నింటిలో వద్దన్నారు. పని ముగిసిన తరువాత అడిగితే, సాయం ఉన్నప్పుడు నూటికి 20 పాళ్ళు త్వరగా ముగించామని వారు చెప్పారు. గడియారం చూస్తే 19 పాళ్ళు ఆలస్యమైంది! పదహారుగురి మీద చేసిన పరీక్షతో లోకమంతటికీ తీర్పు చెప్పలేము; పనిముట్లు కూడా నెలనెలకూ మారుతున్నవి. కాని మనస్సు చెప్పిన లెక్క వేరు, గడియారం చెప్పిన లెక్క వేరు అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది.

నేత పని తెలిసిన ఇండ్లవారికి ఈ చిక్కు వేరుగా వివరించనక్కరలేదు. మగ్గమున్న ఇంట్లో పిల్లవాడు పుట్టగానే నాడె పట్టలేదు. మొదట రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాడు. తెగిన పోగు ముడివేయడం నేర్చాడు. తరువాత ఆసు పోయడం, గంజి పట్టించడం, అచ్చు అతకడం. ఇన్ని ఏండ్లు పడుగు పేకలను చేతితో తడిమిన తరువాతనే మగ్గం గుంటలోకి కాళ్ళు దించాడు. కండెలు చుట్టడం చిన్న పనే, కూలి కూడా చిన్నదే. కాని నేతగాడు తయారైనది అక్కడే. నేడు సాఫ్ట్‌వేరు కంపెనీలలో కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చే చిన్న చిన్న పనులు ఆ కండెలవంటివి. మరబుద్ధి అన్నింటికంటే ముందు అందుకున్నది వాటినే. పదేండ్ల అనుభవం ఉన్నవాడికి అది చేతికింద మనిషి. నిన్న చదువు ముగించినవాడికి అది పోటీదారు.

అప్పటిదాకా ఒక మూలన కూర్చున్న నాలుగవవాడు మెల్లగా అన్నాడు: ‘ఎక్కడికి పోయినా అనుభవం ఉన్నదా అంటారు. అనుభవం ఎక్కడ ఇస్తారో మాత్రం ఎవరూ చెప్పరు.’ దానికి మావద్ద జవాబు లేదు. పెద్దతను మటుకు, ‘అందుకే సైడ్ ప్రాజెక్టు చెయ్యమంటున్నాను’ అన్నాడు.

సైడ్ ప్రాజెక్టు అంటే ఆఫీసు పని కాక, ఎవరూ అడగకుండా, జీతం లేకుండా, తన ఇష్టం కొద్దీ ఇంట్లో చేసుకునే పని. చేతికి సాన పట్టినట్టూ అవుతుంది, నలుగురికి చూపించడానికి ఒక వస్తువూ ఉంటుంది. పెద్దలు ఇది వృథా కాలక్షేపమని కోప్పడుతుంటారు. కోప్పడేముందు వారొకమాట ఆలోచించవలెను. నేడు తెలుగు కంప్యూటరులో కనబడుతున్నదంటే, అందులో పెద్ద పాలు ఈ జీతంలేని పక్కపనుల చలవే.

ఆ మాటకు వస్తే కంప్యూటరు పుట్టకముందే మన భాషలో ఇటువంటి పని ఒకటి జరిగింది. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను కుంఫిణీ ఉద్యోగి. సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకుని, 1820లో కడపకు వెళ్ళాడు. దొరవారికి జీతం ఇచ్చినది కచ్చేరీ పనికి. ఆ జీతంలోనుంచి పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతులు సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించి, అప్పులపాలై కూడా మానలేదు. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు. నిఘంటువు 1852లో మన మద్రాసులోనే అచ్చయినది. ఆయన సేకరించిన ప్రతులు ఈనాటికీ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నవి. ఆయన కచ్చేరీలో ఏమి తీర్పులు చెప్పాడో ఎవరికి కావాలి?

కంప్యూటరు వచ్చిన తరువాత కథ ఇంకా దగ్గరది. 1990 తరువాతి తొలి ఏండ్లలో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే మనవారు, ఇంగ్లీషు అక్షరాల మీటలతో తెలుగు వ్రాసే ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. దానిని ఆర్‌టీఎస్ అంటారు. పరదేశంలో ఉండి, ఉత్తరం ముక్క తెలుగులో వ్రాసుకుందామన్న తపన తప్ప వేరే లాభం లేదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాకు నాంది పలికారు. ఎవరికి తోచిన వ్యాసం వారు ఉచితంగా వ్రాసే ఆ విజ్ఞానకోశంలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నవి. 2006లో వీవెన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన యువకుడు లేఖిని అనే ఉపకరణం చేసిపెట్టాడు. ఒకవైపు ఇంగ్లీషు మీటలతో కొడుతుంటే మరొకవైపు తెలుగు కనబడుతుంది. తెలుగు కీబోర్డు ఎన్నడూ చూడని వేలమంది దానితోనే కంప్యూటరులో తొలిసారి ‘అమ్మ’ అని వ్రాశారు.

మరబుద్ధి విషయంలోనూ అదే జరిగింది. 2024 ఫిబ్రవరిలో గూగుల్‌వారు జెమ్మా అనే మరబుద్ధిని ఎవరైనా దింపుకుని దిద్దుకోవచ్చునని విడుదల చేశారు. రవితేజ దేశెట్టి, రాంశ్రీ గౌతం గొల్ల అనే ఇద్దరు దానికి తెలుగు మొదలైన భాషలు నేర్పి, నవరస అని పేరు పెట్టారు. మొదట తొమ్మిది భారత భాషలు, తరువాత పదిహేను. ఆ మే నెలలో అమెరికాలో గూగుల్‌వారి పెద్ద సభలో ఆ నవరసను లోకానికి చూపించారు. ఇద్దరు మనుష్యుల పని సుమండీ!

ఈ దిద్దుడు ఎందుకు అవసరమైంది? కంప్యూటరుకు తెలుగు ఖరీదైన భాష. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కటి దాని పెట్టెలో ఒక్క గడిలో ఇముడుతుంది. తెలుగు గుర్తు ఒక్కొక్కటికి మూడు గడులు కావాలి. ‘అమ్మ’ అనే మాటలో అకారం, మకారం, పొల్లు, మళ్ళీ మకారం, వెరసి నాలుగు గుర్తులు, పన్నెండు గడులు. పైగా మరబుద్ధి చదివిన కోట్ల పేజీలలో ఇంగ్లీషు సముద్రమంత, తెలుగు చెంబెడు. చదివినది తక్కువ కనుక మన మాటలను తునకలు తునకలుగా విరిచి చదువుతుంది. తునకలు పెరిగితే వేళా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక వినోదం జరిగింది. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోనులో ఆ సందేశాలు తెరిచే ప్రోగ్రాము కూలిపోయేది. ఆపిల్ కంపెనీవారు ఆ నెలలోనే మందు పంపి సరిచేశారు. జ్ఞానంలో మొదటి అక్షరమే మింగుడుపడలేదని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు.

చెంబెడు తెలుగును బిందెడు చేసే ప్రయత్నాలు జరుగుతున్నవి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు ఓజోన్‌టెల్ కంపెనీ తోడ్పాటుతో, ఇంజనీరింగు విద్యార్థులను వేలకొలది కూర్చోబెట్టి తెలుగు కథల పేజీలను అక్షరం అక్షరం సరిచూపించి, కథలు చెప్పే ఒక చిన్న మరబుద్ధిని తయారుచేశారు. దానికి చందమామ పేరు కలిపారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మన మద్రాసులో ప్రారంభించిన చందమామ పేరు! మన నగరంలోనే ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ అనే బృందం ఉన్నది. వారు 2024లో 22 భాషలలో, 145 జిల్లాలలో, 16,237 మంది గొంతులు, 7,348 గంటల మేరకు సేకరించినట్టు ప్రకటించారు. చదివించి కాదు, ఎక్కువభాగం వారి ఇష్టం వచ్చినట్టు మాట్లాడించి.

ఈ సంగతి వచ్చినప్పుడే ఆ నాలుగవవాడి సైడ్ ప్రాజెక్టు బయటపడింది. అతని అవ్వకు ఎనభై దాటినవి. మనుమడు ఆమె మాటలను విని వ్రాసిపెట్టే ప్రోగ్రాము ఒకటి, మరబుద్ధి సాయంతోనే, ఇంట్లో కూర్చుని చేశాడు. వార్తలు చదివే తెలుగును అది చక్కగా వ్రాస్తున్నది. అవ్వ ‘సీక్రం రా నైనా, మాడి మీద బట్టలు తియ్యి’ అంటే మటుకు తికమకపడి, మాడిపోయిన బట్టల సంగతి వ్రాసిందట. అరవంలో మాడి అంటే మేడ అని దానికేమి తెలుసు? మిద్దెమీద అందరూ నవ్వారు. నవ్వు ఆగిన తరువాత ఆ అబ్బాయే అన్నాడు: ‘అవ్వ మాట్లాడే తెలుగు ఎక్కడా వ్రాసిలేదు మామా. నాకూ చదవడం రాదు. వినడమే వచ్చు.’

ఇదీ అసలు సంగతి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వలన ఈ రాష్ట్రంలో బడులలో తమిళం మొదటి పాఠమైంది. ఉన్న నాటి భాష నేర్వడం మంచిదే, అన్నం పెట్టే భాష అది. కాని తెలుగు బడిలో తెలుగు చదివిన తరం మన పేటలో తరిగిపోతున్నది. ఈ నలుగురిలో తెలుగు చదవగలది ఆ అమ్మాయి ఒక్కతే. అదీ తాత దగ్గర నేర్చుకున్నది. తరతరాలుగా అరవంతో కలిసి బతికిన మన ఇంటి తెలుగు, నెల్లూరుదీ కాదు, కడపదీ కాదు. మన గొంతులలో మాత్రమే ఉన్నది. గొంతులు వయసు మళ్ళినవి. మర నేర్చుకునేది వ్రాసిపెట్టినదో, రికార్డు చేసినదో మాత్రమే. బ్రౌనుకు తాటాకులైనా దొరికాయి.

మొదట చెప్పిన చుట్టరికం సంగతి ఇక్కడ చెప్పవలెను. ఫ్రాన్సులో 1804లో జాకార్డు అనే ఆయన, చిల్లులు పొడిచిన అట్టలతో పువ్వుల నేత నడిపే మగ్గం కనిపెట్టాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. పట్టుచీరల మగ్గాలపైన ఆ అట్టలు చూసినవారు మనలో ఎందరో. ఆ అట్టలనే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రానికి వాడదలచాడు. 1973లో ఐఐటీ మద్రాసుకు పెద్ద ఐబీఎం కంప్యూటరు వచ్చినప్పుడు కూడా చిల్లుల అట్టలతోనే దానికి పని చెప్పారు. కనుక మన పిల్లలు కులవృత్తి వదిలిపోయారని బాధపడేవారు అంత బాధపడనక్కరలేదు. మన పేటలో నూరు మగ్గాలు నడిపించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు, తాడు లాగితే తనంతట పరుగెత్తే నాడెను వాడుకలోకి తేవడానికి పాటుపడ్డారు. అప్పుడూ చేతి నాడె వదలమన్నవారు ఉండే ఉంటారు.

తక్కిన ముగ్గురూ ఆ అబ్బాయి ప్రోగ్రాములో చేయి కలపడానికి ఒప్పుకున్నారు. పెద్దతను వారానికి ఒక సాయంత్రం అతని ప్రోగ్రాము చూసి తప్పులు చెబుతాడు. జవాబులు చెప్పడట, తప్పు ఎక్కడున్నదో మాత్రమే చూపుతాడట. రెండేండ్లవాడు గొంతులను భద్రపరచే ఏర్పాటు చూస్తాడు. అమ్మాయి, మర వ్రాసినదానిని చదివి దిద్దుతుంది. దిద్దుతూ మిగిలిన ముగ్గురికీ గుణింతం నేర్పుతుంది. పని నడిస్తే ఆ అబ్బాయికి అనుభవం అని చూపడానికి ఒక వస్తువు ఉంటుంది. ఉద్యోగం వస్తుందని మేము హామీ ఇవ్వలేము.

వారికి కావలసినది మన పెద్దల గొంతులు. మనవిగా కొన్ని మాటలు: ఫంకా ఆపి, కిటికీ మూసి, ఫోను మూరెడు దూరంలో పెట్టి మాట్లాడించండి. పుస్తకం చదివించవద్దు. వంట సంగతో, మగ్గం సంగతో, పూర్వీకులు ఏ ఊరినుంచి ఎందుకు వచ్చారో, పెండ్లినాటి ముచ్చట్లో చెప్పమనండి. అరవం మాట దొర్లితే దిద్దవద్దు, అదే కావలసినది. పెద్దలకు ముందుగా ఎందుకో చెప్పి, వారు సరేనన్న తరువాతనే రికార్డు చేయండి. బ్యాంకు లెక్కలు, దాయాదుల తగాదాలు వద్దు. గంట చాలు, అలసిపోతే అరగంటే చాలు.

మొదటి గొంతు ఎవరి అవ్వదన్న విషయం ఇంకా తేలలేదు. ఆ అబ్బాయి అవ్వ, తన పలువరస కట్టించుకునిగాని మాట్లాడనని చెప్పిందట. ఈలోగా అమ్మాయి తాతగారు తాను సిద్ధమని కబురు పంపారు.